తలుపు తీసే ఉంచేవాళ్ళం

"ఆ వేడి గిన్నె స్టాషా మీద పెట్టు. ఇక్కడ పెడితే బల్ల మెరుగు పోతుంది."

గెర్లిండె కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడు, అత్తగారు ఒట్టీలియె ఆమెతో అన్న మొదటి మాట అది. స్టాషా ఏమిటని గెర్లిండె అడగలేదు. వంటింటి వెనక, పందులకు కుడితి కాచే గదిలో గోడకు ఆనించి ఉన్న చిన్న బల్ల వైపు అత్తగారు గడ్డం ఎగరేసి చూపించింది, ఈమె గిన్నె తీసుకెళ్ళి పెట్టింది. ఆవులకు పేర్లుంటాయి, కుక్కకు పేరుంటుంది, ఈ ఇంట్లో బల్లకు కూడా ఉందేమో అనుకుంది. ఆ తర్వాత బంగాళాదుంపల తొక్క తీయడం, కోడి ఈకలు పీకడం, ప్లమ్ పళ్ళలో గింజలు తీయడం అన్నీ స్టాషా మీదే. కోతల రోజుల్లో పెద్ద బల్ల చుట్టూ మగవాళ్ళు నిండిపోతే గెర్లిండె భోజనం కూడా స్టాషా మీదే. కోతలు అయిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎందుకంటే వడ్డించే మనిషి మాటిమాటికీ లేవాలి, లేచినప్పుడల్లా కుర్చీ కిర్రుమంటుంది, ఆ చప్పుడు భర్త వోల్క్‌మార్‌కు చిరాకు. "నువ్వు అక్కడే తినెయ్, నీకూ హాయి కదా" అన్నాడు పెళ్ళయిన కొత్తల్లో, ఎంతో దయగా. ఆ దయకు ఆమె అప్పట్లో మురిసిపోయింది కూడా.

ఊరు పుట్టి ఏడువందల ఏళ్ళవుతోందని గ్రెబెన్‌రోడె అంతా పండగకు సిద్ధమవుతోంది. ఊరి చరిత్ర రాసే బాధ్యత రిటైరైన హెడ్మాస్టరు వోల్క్‌మార్ నెత్తిన పడింది. పడిందని అతనే అంటాడు కానీ, దాన్ని ఎవరికీ దక్కకుండా పట్టుకుని వేలాడింది అతనే. అతను చేత్తో రాస్తాడు, గెర్లిండె కంప్యూటర్‌లో కొడుతుంది. పందులకు పెట్టి, అత్తగారికి స్నానం చేయించి, గిన్నెలు తోమి, అప్పుడు కొడుతుంది. ఎక్కడైనా ఆగి "ఈ వాక్యం అర్థం కాలేదు" అంటే, "నీకు అర్థం కానవసరం లేదు, అక్షరాలు చూసి కొట్టు చాలు" అంటాడు. స్వచ్ఛంద అగ్నిమాపక దళం గురించి పుస్తకంలో ఎన్ని పేజీలో! ఎవరెవరు ఎప్పుడు గొట్టం పట్టుకున్నారో ఫొటోలతో సహా. యుద్ధకాలం మాత్రం ఒక పల్చటి అధ్యాయంలో ఇమిడిపోయింది. కరిగించి ఫిరంగులు చేయడానికని చర్చి గంటలు పట్టుకుపోయారు, ఊరు బాధపడింది. కుర్రాళ్ళు తిరిగి రాలేదు, ఊరు బాధపడింది. పశువుల వ్యాపారం చేసే యూదుల కుటుంబం ఊరు విడిచి వెళ్ళింది. ఎక్కడికి వెళ్ళిందో రాయలేదు, అప్పుడు మాత్రం ఊరు బాధపడినట్టు లేదు. కొట్టిన కొద్దీ గెర్లిండెకు వెగటు మొదలైంది, అయినా వేళ్ళు ఆగలేదు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగాయి.

"యుద్ధం రోజుల్లో మా ఇంట్లో పనిచేసిన పోలండ్ అమ్మాయి స్టానిస్లావాను అందరం స్టాషా అని పిలిచేవాళ్ళం. ఆమె మాతోపాటు ఒకే బల్ల దగ్గర, ఇంటి ఆడపిల్లలా భోజనం చేసేది."

గెర్లిండె ఆ పేరును మళ్ళీ మళ్ళీ చదివింది. పెళ్ళయిన నాటి నుంచీ తను మనిషి పేరు మీద దుంపల తొక్కలు తీస్తోంది. మనిషి పేరు మీద మసిగుడ్డ పిండి ఆరేసింది. కోడి పేగులు తీసి పెట్టింది. లేచి వెనక గదిలోకి వెళ్ళి చూసింది. అది ఒక్కరికి సరిపడే బల్ల. ఒక పక్క గోడ, ఒక పక్క కుడితి కాగు. ఇంటి ఆడపిల్లలా ఒకే బల్ల దగ్గర తిన్న మనిషి పేరు ఈ బల్లకెలా వచ్చింది?

"వోల్క్‌మార్, మన వెనక గదిలో బల్లని స్టాషా అని ఎందుకంటాం?"

"ఎప్పటి నుంచో అంటున్నాం. ఇప్పుడేమొచ్చింది?"

"ఆ అమ్మాయి తిన్నది దాని మీదేనా?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. స్కూల్లో పిల్లలు అడగకూడనిది అడిగినప్పుడు కూడా అలాగే తుడుచుకునేవాడు. "నాకప్పుడు నాలుగేళ్ళు. నన్ను ఎత్తుకుని తిప్పేది, అది గుర్తుంది. చాలా మంచిది. ఊరంతా పండగ చేసుకుంటుంటే ఊరి మొహాన పేడ కొట్టమంటావా? అమ్మ బతికుండగా? నువ్వు పరాయి ఊరి దానివి, నీకివన్నీ తెలియవు."

పరాయి ఊరంటే గుట్ట అవతలి ఊరు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా ఆ గుట్ట అరగలేదు.

అత్తగారిని అడిగే అవకాశం శనివారం వచ్చింది. శనివారం ఆమె కాలి గోళ్ళు తీసే రోజు. వేడినీళ్ళలో నానబెట్టి, పసుప్పచ్చగా, కొమ్ములా గట్టిపడిన ఆ గోళ్ళను ఒక్కొక్కటే కత్తిరించాలి. పాదం ఒళ్ళో పెట్టుకుని గెర్లిండె మామూలుగా అడిగినట్టు అడిగింది.

"అత్తయ్యా, స్టాషా ఎక్కడ కూర్చుని తినేది?"

"ఎక్కడేమిటే, స్టాషా మీదే" అంది ముసలావిడ. తన మాటకు తనే కిసుక్కున నవ్వింది.

"పుస్తకంలో ఒకే బల్ల అని రాశారు మీ అబ్బాయి."

"ఒకే బల్ల కిందే లెక్క. పనికి పట్టుకొచ్చిన పోలండ్ వాళ్ళని మనతోపాటు కూర్చోబెట్టకూడదని అప్పట్లో సర్కారు ఆర్డరు. ఎవరన్నా చూసి చెబితే మీ మామగారు జైలుకే. అయినా ఆయనది వెన్నలాంటి మనసు. పక్కిళ్ళవాళ్ళు తలుపేసేసేవాళ్ళు, మేం వెయ్యలేదు. తలుపు తీసే ఉంచేవాళ్ళం. మేం ఇక్కడ, అది అక్కడ. మాకు కనపడుతూనే తినేది పాపం."

"ఏం తినేది?"

"దుంపలుండేవిగా."

"పందులకు ఉడకబెట్టినవా?"

"పందులకు వెయ్యకముందే తీసుకునేదిలే" అంది ఒట్టీలియె, తప్పు దిద్దుతున్నట్టు. తర్వాత ఆమె మొహం ముద్దుగా మెత్తబడింది. "మీ ఆయన అల్లరి చెప్పలేం. తలుపులోంచి దాని మీదకి తొక్కలు విసిరేవాడు, కోళ్ళకి విసిరినట్టు. అది నోటితో అందుకున్నట్టు నటించేది, వాణ్ణి నవ్వించడానికి. మేమంతా కడుపుబ్బా నవ్వేవాళ్ళం."

గెర్లిండె చేతిలో కత్తెర ఆగింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఈ ఇంట్లో అన్నీ మింగడం ఆమెకు అలవాటే.

"తర్వాత ఏమైంది ఆ పిల్ల?"

"అమెరికా టాంకులు ఊళ్ళోకి వచ్చిన రోజు, తింటూ తింటూ లేచి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానన్న మాట లేదు. అన్నాళ్ళు తిండి పెట్టామా, తిన్న పళ్ళెం కూడా కడగలేదు. చూడు ఎంత విశ్వాసం లేని పిల్లో! ఆ పళ్ళెం నేనే కడుక్కోవాల్సొచ్చింది." అరవై ఏళ్ళ కిందటి ఆ పళ్ళెం మీద కోపం ఆమె గొంతులో ఇంకా వేడిగానే ఉంది. గెర్లిండె మొహం చూసి విసుక్కుంది. "నీకేమొచ్చిందే, అలా పెట్టావు మొహం? నువ్వూ ఇన్నేళ్ళూ అక్కడే తిన్నావు. ఏమన్నా అరిగిపోయావా? కాలు సరిగ్గా పట్టుకో, బొటనవేలి కొస మిగిలిపోయింది."

కొస కూడా కత్తిరించింది. గోరు ముక్క ఎగిరి ఆమె ఒళ్ళో పడింది. దాన్ని తీసి పారేయడానికి కూడా చెయ్యి వేయబుద్ధి కాలేదు. లేచి దులిపేసుకుంది. ఆ రాత్రి చెల్లెలు రోస్వితాకు ఫోన్ చేసి, కాసెల్ పట్నంలో వాళ్ళింటి పై గది ఇంకా ఖాళీగా ఉందా అని అడిగింది. "నువ్వెప్పుడొస్తే అప్పటిదాకా ఖాళీయే అక్కా, ఎన్నిసార్లు చెప్పాలి" అంది రోస్వితా.

వాక్యం మారలేదు. పుస్తకం అచ్చయి వచ్చింది, గట్టి అట్ట, మీద చర్చి బొమ్మ. చివరి పేజీలో మేయరుకు, పాస్టరుగారికి, బ్యాంకుకు, అగ్నిమాపక దళానికి కృతజ్ఞతలు. అన్నిటికీ కింద, "కేకులు చేసిచ్చిన మన మహిళామణులకు కూడా." మహిళామణి అన్న ఆ మాటను కొట్టింది కూడా గెర్లిండె వేళ్ళే.

పండగ రోజు మధ్యాహ్నం ఊరి హాలు కిక్కిరిసింది. ముందు వరసలో పొడవాటి గౌరవ బల్ల, తెల్లగుడ్డ, పూలు. మేయరు, పాస్టరుగారు, వోల్క్‌మార్, ఒట్టీలియె అక్కడ కూర్చున్నారు. ఆడవాళ్ళు హాలు వంటగదిలో కాఫీ కాచి, కేకులు కోసి, ట్రేలు మోసి, ఖాళీ దొరికినప్పుడు నిలబడే ఒక ముక్క నోట్లో వేసుకుంటున్నారు. పాత సామాన్లేమైనా ఉంటే ప్రదర్శనకు తెమ్మని వోల్క్‌మారే ఊరంతటికీ చెప్పాడు. వెన్న చిలికే పీపాలు, రాట్నాలు తెచ్చారు. గెర్లిండె చేతిబండి మీద స్టాషాను తెచ్చింది. తెచ్చి పీపాల పక్కన పెట్టలేదు. వంటగదిలోపల, గౌరవ బల్లకు సూటిగా కనపడేలా, గుమ్మానికి ఎదురుగా వేసింది. తలుపు బార్లా తీసింది.

వోల్క్‌మార్ పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. అగ్నిమాపక దళానికి చప్పట్లు మోగాయి. యుద్ధం వచ్చింది, ఊరు బాధపడింది, కొందరు ముసలివాళ్ళు కళ్ళొత్తుకున్నారు. గెర్లిండె రెండు ఉడికిన దుంపలు పళ్ళెంలో పెట్టుకుని స్టాషా ముందు కూర్చుంది.

"...మాతోపాటు ఒకే బల్ల దగ్గర, ఇంటి ఆడపిల్లలా..." వోల్క్‌మార్ తలెత్తి చూశాడు. చదవడం ఆగిపోయింది. అతను ఎటు చూస్తున్నాడో అని జనం కూడా తలలు తిప్పారు.

"అదేమిటి గెర్లిండె, అక్కడ కూర్చున్నారు?" అన్నారు పాస్టరుగారు నవ్వుతూ. "ఆ బల్ల కూడా ప్రదర్శనకేనా?"

"అవునండీ. దీని పేరు స్టాషా."

హాల్లో వెనక వరసలోంచి ముసలి ఎల్ఫ్‌రీడె సరదాగా అరిచింది. "మా ఇంట్లో ఇలాంటి బల్లని మరూషా అంటాం!" అంది. అన్నాక తనేమన్నదో తనకే వినపడింది. చేత్తో నోరు మూసుకుంది. ఎవరూ నవ్వలేదు. ఒక్కో ఇంటివాళ్ళు తమ తమ వెనక గదుల్ని తలుచుకుంటున్నట్టు కిందికి చూశారు.

"సిగ్గుండాలి!" అంది ఒట్టీలియె గట్టిగా. ఎవరికుండాలో చెప్పలేదు.

వోల్క్‌మార్ పుస్తకం మూసి, గబగబా గుమ్మం దాకా వచ్చాడు. జనం చూస్తున్నారని మొహానికి నవ్వు పులుముకుని, పళ్ళ సందుల్లోంచి మాట్లాడాడు. "ఏమిటీ తమాషా? లే. వచ్చి మా దగ్గర కూర్చో. నీకు కుర్చీ వేయిస్తాను."

పెళ్ళయ్యాక నీకు కుర్చీ వేయిస్తానన్న మాట అతని నోట వినడం అదే మొదటిసారి. మేయరు చూస్తుంటే తప్ప ఆ మాట రాలేదు. గెర్లిండెకు ఆ నవ్వు, ఆ మెరిసే కళ్ళజోడు, దాని వెనక తొక్కలు విసిరిన నాలుగేళ్ళ కుర్రాడు ఒకేసారి కనిపించి రోత పుట్టింది. దుంప ముక్క నమిలి, మింగి, అప్పుడు జవాబు చెప్పింది. హాలంతటికీ వినపడింది.

"ఎందుకు వోల్క్‌మార్? తలుపు తీసే ఉందిగా. మీకందరికీ కనపడుతూనే తింటున్నాను. ఒకే బల్ల కిందే లెక్క."

ఆమె రెండో దుంప సగంలో వదిలి లేచింది. ఏప్రను విప్పి మేకుకు తగిలించింది, బల్ల కింద నుంచి, బట్టలు సర్దుకుని తెచ్చుకున్న తన సంచి తీసుకుంది, కాసెల్ బస్సు ఆగే చోటు వైపు నడిచింది. స్టాషా మీద పళ్ళెం అలాగే ఉంది. కడగలేదు.