వెలిచ్కో పళ్లకు అరవైమూడు సంతకాలు

మా వెలిచ్కోను కొట్టింది ఒక్క మనిషే. ఆ ఒక్కణ్ణి ముగ్గుర్ని చేసింది మాత్రం నేను. తర్వాత దాచానని ఎవరూ అనకుండా ముందే చెప్పేస్తున్నాను.

వెలిచ్కో మా ఊరు వర్బినోలో గైడా వాయిస్తాడు. రొడోపి కొండల్లో గైడా వాయించేవాళ్లు ఇంకా కొందరున్నారు గానీ, ఇతను మేకతోలు సంచిలోకి గాలి ఊది చంక కింద నొక్కాడంటే మంచం పట్టిన ముసలమ్మలు కూడా లేచి చెప్పులు వెతుక్కుంటారు. మా కోడిపుంజు ఒకసారి ఆ పాట విని గుడ్డు పెట్టింది. గుడ్డు చిన్నదే, కాదనను.

మార్చి నెలలో ఒకరోజు పొద్దున్నే పట్నంలో బస్సు దిగి సంతకు నడుస్తున్నాడు. భుజాన సంచి, సంచిలో గొర్రెపాల జున్ను. వెనకనుంచి ఎవడో వచ్చి సంచి పట్టుకు లాగాడు. ఇతను వదల్లేదు. వాడు మోచేత్తో మూతి మీద ఒక్కటిచ్చి, గడ్డకట్టిన మంచు మీదికి తోసేసి, జున్నుతో సహా పారిపోయాడు. దవడ ఎముక చిట్లింది. పైవరస ముందుపళ్లు నాలుగు రాలిపోయాయి. పోలీసులు వచ్చి కాగితమిస్తే, మాట్లాడలేక, జరిగింది చేత్తో రాసిచ్చాడు. దొంగ దొరకలేదు. జున్ను సంగతి ఇక అడక్కండి.

ఆసుపత్రిలో దవడకు తీగ బిగించి ఆరువారాలు నోరు తెరవొద్దన్నారు. ఊరికి వచ్చేసరికి ఏం జరిగిందో విందామని జనమంతా సెవ్ద కాఫీకొట్లో చేరారు. చెప్పాల్సినవాడి నోరు కట్టేసి ఉంది. నా నోరు ఖాళీగా ఉంది. ఇంకేం కావాలి?

మొదట అతను కాగితం మీద రాసి చూపింది ఉన్నదున్నట్టే చెప్పాను. అందరూ అయ్యో పాపం అన్నారు. ఆ మాట విన్నకొద్దీ వెలిచ్కో తల కిందికి దిగిపోయింది. సెవ్ద భర్త పోయి పన్నెండేళ్లయింది. ఆవిడ తెచ్చిపెట్టిన చిక్కుడుగింజల చారు గొట్టంతో పీలుస్తూ, ఆవిడవైపు చూడలేకపోతున్నాడు. నాకు మనసొప్పలేదు. ఒక దొంగను ఇద్దర్ని చేశాను. వెలిచ్కో కాస్త తలెత్తాడు. ముగ్గుర్ని చేశాను. నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఇక ఆగలేదు. వాళ్లు చెయ్యెత్తకముందే ఇతను వాళ్ల వాలకం కనిపెట్టి, చేతికర్రతో పెద్దవాడి నడ్డి మీద ఒక్కటిచ్చాడనీ, వాడు ఎగిరిపోయి చేపలబండిలో పడ్డాడనీ, నేను అక్కడే ఉండి కళ్లారా చూశాననీ చెప్పాను. నిజానికి ఆ పూట నేను మేకలకొట్టం కప్పు బాగుచేసుకుంటున్నాను.

సెవ్ద బుగ్గన చెయ్యి వేసుకుని, నిజమేనా అన్నట్టు వెలిచ్కోను చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. మా కొండల్లో దానర్థం ఔనని.

ఆ ఊపుడే మా కొంప ముంచింది.

నేరంలో దెబ్బతిన్నవాళ్లకు ప్రభుత్వం సాయం చేస్తుందని మా మేయరు రాద్కో చెప్పాడు. అర్జీ కూడా ఆయనే నింపాడు. పోయిన సంచికీ జున్నుకూ ఒక్క స్టోటింకా నాణెం కూడా రాదట. ఒంటికి తగిలిన పెద్ద దెబ్బకైతే వస్తుందట. పోలీసులకు చెప్పి ఉండాలి, చెప్పాడు. గడువు దాటకుండా అర్జీ పెట్టాలి, పెట్టాడు. నాలుగు పళ్లు కట్టడానికి పళ్లడాక్టరు అడిగింది వెలిచ్కో పింఛనుకు అందే మాట కాదు. పళ్లు లేకపోతే గైడా ఊదుగొట్టం నోట్లో నిలవదు, గాలంతా పక్కలనుంచి ఈల వేస్తూ పోతుంది. జులైలో ఇలియా పండుగ. నలభై ఏళ్లుగా ఆ పండుగకు హోరో ఆడే జనమంతా ఇతని పాటకే చేతులు పట్టుకుని తిరుగుతున్నారు. ఈసారికి పట్నం నుంచి స్పీకర్లు తెప్పిద్దామని రాద్కో అననే అన్నాడు. వెలిచ్కోకు ఆ మాట మోచేతి దెబ్బకంటే గట్టిగా తగిలింది.

మేలో జిల్లా ఆఫీసు ఉత్తరం వచ్చింది. అర్జీదారే ముందు కర్రతో కొట్టినట్టు ప్రత్యక్షసాక్షి ఉన్నాడని ఊరివాళ్లు చెప్పారనీ, తన ప్రవర్తనవల్ల గొడవకు కారణమైనవారు సాయానికి అర్హులు కారనీ, అధికారి వచ్చి విచారిస్తారనీ రాశారు. ఆఫీసువాళ్లు ఫోన్ చేస్తే మావాళ్లు గర్వంగా చెప్పేశారన్నమాట. అప్పటికి దొంగలు ఐదుగురయ్యారట. ఆ ఇద్దరూ నా వాళ్లు కారు.

అప్పటికి వెలిచ్కో దవడ తీగ తీసేశారు. ఉత్తరం పట్టుకుని సూటిగా నా మేకలకొట్టానికి వచ్చాడు.

"ఒరే దోబ్రీ, నాలుగు పళ్లు దొంగ రాలగొడితే, రావాల్సిన నాలుగూ నువ్వు రాలగొట్టావు కదరా."

"తల ఊపింది ఎవరు?" అన్నాను.

అధికారి రాగానే నిజం చెప్పేద్దాం, పీడా పోతుంది అన్నాను. అప్పుడు నసిగాడు.

"సెవ్ద ముందా? రెండు నెలలుగా రోజూ చారు పంపుతోంది రా. ముగ్గుర్ని తన్నినవాడికి పంపుతోంది. ఒక్కడు తోస్తే పడ్డవాడికి పంపుతుందా?"

పళ్లు కావాలా చారు కావాలా తేల్చుకోమన్నాను. రెండూ కావాలన్నాడు.

అధికారి పేరు వియోలెత. సన్నటి కళ్లజోడు, లావుపాటి ఫైలు. కాఫీకొట్లో కూర్చుని, రాకియా సారా వద్దని కాఫీ పుచ్చుకుంది. ఊరంతా నిలబడి చూస్తోంది. నేను ముందుకెళ్లి, చెప్పిందంతా నా కల్పన తల్లీ, అక్కడ నేను లేనే లేను అన్నాను.

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "అంటే అప్పుడు చెప్పింది అబద్ధం. ఇప్పుడు చెప్పేది నిజం. అంతేనా తాతగారూ?"

"అంతే తల్లీ."

"ఇప్పుడు మాత్రం మీ స్నేహితుడి కోసం చెప్పడం లేదని ఎలా నమ్మను?"

డెబ్బైరెండేళ్లలో మొదటిసారి అబద్ధం ఒప్పుకుంటే, దానికీ సాక్షి కావాల్సివచ్చింది. సాక్షి మాట నమ్మదగింది కాదని తేలితే పోలీసులకు రాసిచ్చిన కాగితమే నిలుస్తుందని, అలా తేల్చడానికి ఏదైనా ఆధారం కావాలని ఆవిడే అంది.

సెవ్ద చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఈయన మాట నమ్మకూడదని ఆధారం కావాలా? అయితే ఇంకో కాఫీ తెస్తాను, కాస్త టైం పడుతుంది."

ఇక ఒక్కొక్కరే నా పాత కోతలు బయటపెట్టడం మొదలుపెట్టారు. నా పొలంలో పండిన బంగాళాదుంపను తొలిచి, వాన పడుతుంటే అందులో కూర్చుని మేకపాలు పితికానన్నది ఒకరు చెప్పారు. మా ఇంట్లో తేనె తిన్న ఎలుగుబంటి, మర్నాడు ఖాళీ కుండ తెచ్చిచ్చి మూత మర్చిపోయానని మళ్లీ వెనక్కి వెళ్లిందన్నది ఇంకొకరు చెప్పారు. ఆదివారం పనిచేయని నా కంచరగాడిదను రాద్కో గుర్తుచేశాడు. వియోలెత మొదట రాసుకుంది, తర్వాత రాయడం మానేసి వింది. చివరికి రాద్కో ఊరి ముద్ర వేసి ఒక సర్టిఫికెట్ టైపు చేశాడు. వర్బినో వాసి దోబ్రి చెప్పే ఏ మాటకూ గత యాభై ఏళ్లలో ఎలాంటి ఆధారం దొరకలేదని. వెలిచ్కోతో కలిపి అరవైమూడుమంది సంతకాలు పెట్టారు. నేనూ పెడతానన్నాను. నా సంతకం పడితే కాగితం చెల్లదని పెట్టనివ్వలేదు.

వియోలెత దాన్ని ఫైల్లో పెట్టుకుని వెలిచ్కోవైపు తిరిగింది. "మీ నోటితో కూడా చెప్పాలి. ముందు కొట్టారా?"

వెలిచ్కో సెవ్దను చూశాడు. తర్వాత నేలను చూశాడు.

"లేదమ్మా. వచ్చింది ఒక్కడే. సన్నగా ఉన్నాడు కూడాను. నాకు కర్ర ఎత్తే టైమే లేదు. కింద పడ్డాక, జున్ను పోయిందని ఏడ్చాను."

సెవ్ద ఖాళీ కప్పు తీసుకుంటూ అంది: "నాకు మొదటిరోజే తెలుసు. ముగ్గుర్ని తన్నేవాడు నా కొట్లో పిల్లిని చూసి కుర్చీ మారతాడా?"

"మరి చారు ఎందుకు పంపావు?" అన్నాడు వెలిచ్కో.

"నోరు తెరవలేనివాడికి కబాబు పంపమంటావా?"

అందరికంటే ముందు నవ్వింది వియోలెత. ఆ తర్వాత రాకియా కూడా పుచ్చుకుంది, కొంచెమే.

జూన్‌లో సాయం మంజూరైంది. ఇలియా పండుగకు వారం ముందు పళ్లు కట్టారు. కొత్త పళ్లు ఊదుగొట్టానికి అలవాటు పడక మొదటి ఊదు గొర్రె దగ్గినట్టు వచ్చింది. రెండోది సరిపోయింది. రాద్కో తెచ్చిన స్పీకర్లు బండిలోంచి దిగనే లేదు. సెవ్ద హోరో ముందుండి నడిపించింది. వెలిచ్కో ఆవిణ్ణి చూస్తూ ఒకే పాటను గంటన్నరసేపు ఆపడం మర్చిపోయాడు.

నా సర్టిఫికెట్ నకలు ఇప్పుడు కాఫీకొట్లో పటం కట్టి గోడకు వేలాడుతోంది.

ఆ పండుగనాడే ఒక ఎలుగుబంటి అడవిలోంచి దిగివచ్చి, హోరో చివర ఖాళీగా ఉన్న నా చెయ్యి పట్టుకుని మూడు చుట్లు తిరిగింది. అడుగు ఒక్కటీ తప్పలేదు. అరవైమూడుమందీ చూశారు. అడిగి చూడండి, ఒక్కరూ ఔననరు. వాళ్లను తప్పుపట్టను. నా మాట నిజమని ఒక్కసారి ఒప్పుకున్నారంటే ఆ కాగితం చెల్లదు. కాగితం చెల్లకపోతే వెలిచ్కో పళ్లు ఆఫీసుకు తిరిగిచ్చేయాలి.