చదవకముందే అందిందన్న మాట

అమీర్‌పేటలో కంప్యూటర్ చదువు అంటేనే ఉరుకులు పరుగులు. హాస్టల్ ఖర్చు ఎవరి కోసమూ ఆగదు మరి. సిరిసిల్లలో మగ్గాల ఇంటి నుంచి వచ్చిన నవీనకు ఆ తొందర ఇంకాస్త ఎక్కువ. అందుకే మొదటి క్లాసులో రాజేందర్ సార్ చెప్పిన మాట ఆమె చెవిన పడీ పడనట్టు పోయింది.

"గీ మిడిల్‌వేర్ అంటే మధ్యవర్తి అమ్మా. ఒక ప్రోగ్రాం మెసేజ్ పంపుతది, ఇంకోటి తీరిక దొరికినంక తీసుకుంటది. అప్పటిదాక మెసేజ్ క్యూల ఆగుతది. తీసుకున్నది 'అందింది' అనంగనే మధ్యవర్తి పంపినోళ్లకు ఆ ముక్క చెప్పి, దాన్ని చెరిపేస్తది. అందుకే పని అయినంకనే అందిందనాలె. ముందే అన్నరో, పోయిన మెసేజ్ మళ్ల రాదు."

ల్యాబ్‌లో ఇద్దరిద్దరు ఒక జత. పంపడం కమలాకర్ పని, అందుకోవడం నవీన పని. అతనిదీ మగ్గాల ఇల్లే. ఎదురుగా ఉంటే నోరు పెగలని మనిషి, కీబోర్డు ముందు మాత్రం వాగుడుకాయ. ప్రాక్టీసుకని పంపే ఉత్తుత్తి ఆర్డర్ల మధ్య "చాయ్ తాగుదమా", "ఆకుపచ్చ డ్రెస్సు మంచిగుంది" అని క్యూలో పడేసేవాడు. నవీన తెరిచి చదివి, నవ్వుకుని, అప్పుడు 'అందింది' నొక్కేది. వాటి కోసమే ల్యాబ్‌కు ముందుగా వచ్చేదంటే అబద్ధం కాదు.

చివరికి డెమో రోజు వచ్చింది. అది చూసే ఇంటర్వ్యూలకు పంపుతారు. తీరా ప్రోగ్రాం నత్తనడక నడుస్తోంది. నవీన ఒక్క సెట్టింగు మార్చేసింది. ఏది వచ్చినా చేతిలో పడగానే 'అందింది' అనేయాలి. ఆర్డరు కానిదాన్ని 'అందింది' అన్నాక పారేయమని ప్రోగ్రాంలో ముందే రాసి ఉంది. క్యూ చిటికెలో ఖాళీ అయింది, అందరూ శెభాష్ అన్నారు. ఆ తెలివి ఆ పిల్లకు ఆ రోజే ఎందుకు పుట్టాలో!

ఆ తర్వాత కమలాకర్ ముభావంగా మారిపోయాడు. పుణెలో ఉద్యోగం వస్తే చెప్పకుండానే వెళ్ళిపోయాడు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నవీన తనేం తప్పు చేసిందో తెలియక కుమిలి కుమిలి ఏడ్చింది. అడుగుదామంటే అభిమానం అడ్డొచ్చింది.

ఏడాది తర్వాత పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. చేతినిండా బట్టల సంచులు.

"మంచిగున్నవా నవీనా? వచ్చే నెల నా పెండ్లి. పిల్ల పేరు ఉష," అన్నాడు. మెట్ల వైపు చూసి, "ఆ దినం గీడనే నిలవడ్డ. చీకటి పడేదాక."

"ఏ దినం?"

"డెమో అయినంక వచ్చిన ఆదివారం. డెమో పొద్దున క్యూల పెట్టిన గదా. నువ్వంటే ఇష్టం, నీకు సుత ఇష్టమైతే ఆదివారం గీ మెట్ల కాడికి రా అని. అందిందని వచ్చింది. నువ్వు రాలే. చదివి రాలేదంటే ఇంకేమడుగుత? బలిమి చేసే ముచ్చటనా గది?"

నవీనకు డెమో రోజు తను మార్చిన సెట్టింగు గుర్తొచ్చింది. ఆ ఆదివారమంతా ఆమె హాస్టల్ డాబా మీద ఫోన్ పట్టుకుని అతని కాల్ కోసమే కూర్చుంది.

"ఒక్కటి చెప్పు," అన్నాడు కమలాకర్. "చదివినవ్ గదా? చదవకపోయుంటే మాత్రం..."

ఎదురు దుకాణంలోంచి ఒక అమ్మాయి బయటికొచ్చి అతనికి చెయ్యి ఊపింది. ఆ ముఖంలో సంతోషం దాచుకుందామన్నా దాగడం లేదు. ఉష అని చెప్పనక్కర్లేదు.

"చదివిన," అంది నవీన. "వద్దని చెప్పేటందుకు నోరు రాలే. ఏమనుకోకు."

కమలాకర్ తలూపాడు. ఉష వచ్చి ఒక సంచీ అందుకుంది. ఇద్దరూ మెట్లెక్కి వెళ్ళిపోయారు.

కంటితో చూడనైనా చూడని మాటకు నవీన అందిందని చెప్పడం అది రెండోసారి. మొదటిసారి తెలియక చెప్పింది. ఈసారి తెలిసే చెప్పింది కాబట్టి, జనం చూస్తున్నా సిగ్గుపడకుండా ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది.