నాలుగో పక్క కుట్టని నీడ

సత్తార్ పొద్దున్నే చేసే మొదటి పని నీడలను దులపడం. అరుగు మీద సందూక్ తెరిచి, ఒక్కో నీడను రెండు చేతులతో పట్టి గాలికి ఝాడించి మళ్లీ మడత పెడతాడు. దులపకపోతే నీడకు చెమ్మ పట్టి వాసన వస్తుంది.

నిజామాబాద్‌లో షామియానాలు కుట్టేవాళ్లు పాతిక మంది ఉన్నారు గానీ, నీడ కుట్టేవాడు సత్తార్ ఒక్కడే. అతని నీడలో కూర్చున్న పెళ్లికొడుక్కి చెమట పట్టిందని చెప్పే మొనగాడు ఇందూరు నుంచి మెండోర దాకా వెతికినా దొరకడు. ఒక మే నెలలో నిప్పులు చెరిగే ఎండకి ఏడు వందల మంది బంతి భోజనాలకు కూర్చుని, చలికి వణికి, ఉన్ని శాలువాలు తెప్పించుకున్నారు. ఏడు వందలు కాదు, వెయ్యి అనేవాళ్లూ ఉన్నారు. ఆ అనేవాళ్లలో సత్తార్ ముందుంటాడు.

బోధన్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్లు కొట్టేశారు. మొద్దులను లారీలు ఎత్తుకుపోయాయి. నేల మీద మిగిలిపోయిన నీడలను సత్తార్ అంచులు కత్తిరించి, చాపల్లా చుట్టి, సైకిల్ మీద ఇంటికి తెచ్చాడు. ఒకప్పుడు చెరకు బండ్లు ఆగిన నీడలవి. విప్పితే ఇప్పటికీ ఎద్దుల మెడగంటలు వినిపిస్తాయి.

ఆ నీడలను అడగడానికే ఇంజనీరు శైలజ చుట్ట చుట్టిన డ్రాయింగు చంకన పెట్టుకుని వచ్చింది. ఊరి నడుమ, పాత గోదాములు కూలగొట్టిన జాగాలో పార్కు వేస్తున్నారు.

"చాచా, మొక్కలు పెడుతున్నం. అవి నీడ ఇచ్చేదాకా పదేండ్లు పడ్తది. గప్పటిదాంక నీ నీడ కావాలె. కొలత ప్రకారం, నాలుగు పక్కలా గట్టిగ కుట్టాలె. చుట్టూ రెయిలింగు, ఒక గేటు. నీ పేరు రాయి మీద చెక్కిస్తం."

రాయి మీద పేరు! సత్తార్ మీసం దానంతటదే పైకి లేచింది. నలభై ఏళ్లుగా ఊరంతటినీ చల్లగా ఉంచినవాడి పేరు కనీసం ఒక గోడ మీద కూడా లేదు.

"నాలుగు కాదు బేటా, నలభై పక్కలున్నా కుడత," అన్నాడు.

ఆ డ్రాయింగులో నాలుగో గీత, వీధి వైపుది, సరిగ్గా చంద్రవ్వ అంబలికుండ మీదుగా పోయింది. చంద్రవ్వ మోస్రా నుంచి మొదటి బస్సులో కుండతో వచ్చి, ఇరవై రెండేళ్లుగా ఆ జాగా ముందరి ఫుట్‌పాత్ మీద కూర్చుంటోంది. ఒక చిరుగుల గొడుగు, నాలుగు ఇటుకల మీద కుండ. పసుపు బస్తాలు మోసే హమాలీలే ఆమె గిరాకీ.

"సత్తారన్నా, నన్ను లేవమన్నరు. ఐతారం నాడు రెయిలింగుకు గుంతలు తవ్వుతరంట. యాడికి పోవాలె చెప్పు? మోసేటోల్లు యాడుంటే నా కుండ గాడనే ఉండాలె గద."

"బేఫికర్ ఉండు చంద్రవ్వా. నేను మాట్లాడ్త," అన్నాడు సత్తార్.

మాట్లాడలేదు. మాట్లాడితే రాయి పోతుందేమోనని జంకాడు. ఊళ్లో దేనికీ జంకనని చెప్పుకునే మనిషి, ఆ వారమంతా అంబలి తాగకుండా అవతలి సందులోంచి పోయాడు.

పదకొండు చింతల నీడలను అతికి, నాలుగు పక్కలా మడిచి కుట్టి, శుక్రవారం పొద్దున జాగాలో పరిచి మేకులు కొట్టాడు. పైన ఆకు లేదు, గుడ్డ లేదు. కింద కొలత తప్పని నల్లటి చల్లని నీడ. జనం మెచ్చుకున్నారు, లోపలికి వెళ్లారు, నిమిషంలో బయటికి వచ్చారు. ఎవరో గొంతు దగ్గర గుండీ పెట్టినట్టు ఊపిరి ఆడటం లేదన్నారు. ఒక కుక్క లోపలికి పోయి, ఒక చుట్టు తిరిగి, బయటికొచ్చి ఎండలో పడుకుంది. గంటలు మోగలేదు.

కుక్క ఎండలో పడుకోవడం సత్తార్‌కు చెంపదెబ్బలా తగిలింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"నాలుగో పక్క గూడ కుట్టిండ్రా?" అని అడిగింది భార్య సాలేహా.

"సర్కారు కొలత."

"మీ అబ్బాజాన్ ఎన్నడన్న కుట్టిండ్రా?"

ఎన్నడూ కుట్టలేదు. తండ్రి ఏ షామియానాకైనా మూడు పక్కలే మూసేవాడు. వీధి వైపు పరదా కట్టబోతే చేతి మీద కొట్టేవాడు. మనం పిలిచినోడు ఎట్లన్న వస్తడు, పిలవనోడు ఎట్ల వస్తడురా అనేవాడు.

ఆదివారం పొద్దున గడ్డపారలతో కూలీలు దిగేసరికి సత్తార్ నేల మీద బోర్లా పడుకుని, వీధి వైపు కుట్లు ఒక్కొక్కటే కత్తిరిస్తున్నాడు. ఆఖరి దారం తెగగానే నీడ పొంగిన పాలలా వీధిలోకి పొర్లింది. ఫుట్‌పాత్ ఎక్కింది, గొడుగును ముంచింది, అంబలికుండ చుట్టూ తిరిగి ఆగింది. ఎద్దుల గంటలు ఘల్లుమన్నాయి. సత్తార్ లెక్కలో అవి బోధన్ దాకా వినిపించాయి.

చంద్రవ్వ గొడుగు మడిచి పక్కన పెట్టింది. హమాలీలు వచ్చి కూర్చున్నారు. గుంతలు తవ్వడానికి వచ్చినవాళ్లు గడ్డపారలు కింద పెట్టి, తలా ఒక గ్లాసు తీసుకున్నారు. కుక్క కూడా వచ్చింది.

శైలజ స్కూటీ దిగి నీడ అంచు వెంట నడిచి చూసింది.

"చాచా, గిప్పుడు గేటు ఎక్కడ పెట్టాలె?"

"షామియానాకు గేటుంటదా బిడ్డా?" సత్తార్ లేచి బట్టలు దులుపుకున్నాడు. తర్వాతి మాట నేల చూస్తూ అన్నాడు. "రాయి వద్దంటే వద్దు తీ. ఆమెను మాత్రం లేపకు."

శైలజ డ్రాయింగు విప్పి చంద్రవ్వ పక్కన చతికిలబడింది. పెన్సిల్ వెనక రబ్బరుతో నాలుగో గీతను చెరిపేసింది. చెరిపి, ఒక గ్లాసు అంబలి అడిగింది.

రాయి కూడా వచ్చింది, మరుసటి వారం, ట్రాలీలో. సత్తార్ పేరు జానెడు అక్షరాల్లో ఉంది. ఎక్కడ నిలబెట్టాలని అడిగారు. సత్తార్ చౌరస్తా వైపు చూశాడు. ఇటుకల మీద ఒరిగిన కుండ వైపు చూశాడు.

"నిలబెట్టకుండ్రి, ఆ ఇటుకలు తీసి పండవెట్టుండ్రి," అన్నాడు.

ఇప్పుడు ఆ పార్కును చూడటానికి దేశదేశాల నుంచి ఇంజనీర్లు వస్తున్నారని సత్తార్ చెబుతాడు. మరి నీ పేరేదని ఎవరైనా అడిగితే గర్వంగా కేకేస్తాడు.

"చంద్రవ్వా, జర కుండ లేపు!"

"అంబలి అయినంక లేపుత," అంటుంది చంద్రవ్వ, గరిటె తిప్పుతూ. "అందాక కూసొమ్మను."