గ్లాసు తిరిగిచ్చేదాకా

రాత్రి తొమ్మిదిన్నర. డిసెంబరు చలి. సాయంత్రం నుంచి తుంపర పడుతూ ఆగుతూ ఉంది.

రాబర్ట్‌సన్‌పేట తెలుగు చర్చి వెనక వంటగదిలో జలజ టీ కాచింది. ఎస్తేరమ్మ దాన్ని రెండు ఫ్లాస్కుల్లోకి వడగట్టింది. దేవసహాయం ఆటో వెనక సీట్లో దుప్పట్లు, బన్నుల సంచి, స్టీలు గ్లాసుల బుట్ట సర్దాడు.

ఎస్తేరమ్మకు అరవై నాలుగేళ్ళు. నర్సుగా చేసి రిటైరైంది. దేవసహాయం పగలంతా బాడుగకు తిప్పే ఆటోనే రాత్రి ఈ పనికి తెస్తాడు. వీధుల్లో పడుకునేవాళ్ళకు టీ, బన్ను ఇవ్వడం వాళ్ళ పని. ఆదివారం తప్ప అన్ని రాత్రులూ వెళ్తారు. జలజ వాళ్ళ చర్చి మనిషి కాదు. మున్సిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన రామనాథ్ భార్య. శనివారం ఆంజనేయస్వామికి ఒక్కపొద్దు ఉండే మనిషి. ఏడు నెలల కింద ఒక రాత్రి ఈ వంటగది గుమ్మంలో నిలబడి, "నేనూ వస్తానమ్మా" అంది. ఎస్తేరమ్మ ఎందుకని అడగలేదు.

"టీ బాగా పెడతావా?" అని మాత్రం అడిగింది.

బయల్దేరే ముందు దేవసహాయం కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. బస్టాండులో పడుకున్నవాళ్ళను, మార్కెట్టులో పడుకున్నవాళ్ళను, బీటు పోలీసులను, కుక్కలను, కుక్కలు కరిచినవాళ్ళను అందరినీ వరసగా దేవుడికి అప్పజెబుతున్నాడు.

"టీ ఆరిపోతాండాది. ఆమెన్ అనప్పా" అంది ఎస్తేరమ్మ.

"ప్రభువుతో మాట్లాడేటప్పుడు అడ్డమొస్తావే పెద్దమ్మా."

"ఆయనకు నీ లిస్టు నోటికి వచ్చేసుంటాదిలే. రోజూ అదే కదా."

"ఆమెన్" అన్నాడు దేవసహాయం.

ముగ్గురూ చెప్పులు విప్పి ఆటోలో పడేశారు.

ఊళ్ళో బంగారు గనులు మూసేసి తొమ్మిదేళ్ళయింది. కింద సొరంగాల్లో నీళ్ళు నిండాక, అక్కడుండే వేడి ఉండలేక పైకి వచ్చేసింది. చీకటి పడితే ఊరి వీధుల్లో తిరుగుతుంది. ఒక రాత్రి బస్టాండులో, ఒక రాత్రి మార్కెట్టు వెనక, ఒక రాత్రి మూసిన సినిమా టాకీసు ముందర. రెండు మంచాలంత జాగా, కొన్నాళ్ళు ఇంకాస్త పెద్దది. నేల వెచ్చగా ఉంటుంది, వంటయ్యాక పొయ్యిగట్టు ఉన్నట్టు. ఇల్లు లేనివాళ్ళు దాన్ని వెతుక్కుంటూ వచ్చి దానిమీదే పడుకుంటారు. అందుకని టీ ఇచ్చేవాళ్ళు కూడా ఉత్తకాళ్ళతో నడిచి వెతుకుతారు. వేడి దొరికితే మనుషులు దొరికినట్టే.

ఇంకో పద్ధతి ఎస్తేరమ్మది. పేపరు కప్పులు వాడదు.

"పేపరు కప్పు ఇచ్చినామంటే చేతిలో పెట్టి మన దారిన మనం పోతాం. గ్లాసైతే తిరిగిచ్చేదాకా పక్కన కూచోవాల" అని జలజకు మొదటి రోజే చెప్పింది. "పేరు అడగొద్దు. ఊరు అడగొద్దు. ఇంటికి పో అని మాత్రం ఎవురికీ చెప్పొద్దు. చెప్పినావంటే రేపు కనబడరు."

జలజ తలూపింది. ఆమె వచ్చింది ఒక్క గ్లాసు కోసం.

కొడుకు అచ్యుతకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఊళ్ళో సగం మందిలాగే తెల్లవారుజామున ఊరిగాం స్టేషనులో రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రి తిరిగి వచ్చేవాడు. ఒకరోజు ఆ ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు. మామూలుగానే క్యారియరు పట్టుకుని అదే రైలెక్కాడు. బెంగళూరులో ఏదో పార్కులో కూర్చుని, క్యారియరు తిని, రాత్రికి ఇల్లు చేరాడు. అట్లా ఏడు నెలలు. రామనాథ్ ఒకసారి బంధువుల పెళ్ళికి బెంగళూరు పోయి, కొడుకును చూసి వద్దామని ఆఫీసుకు వెళ్ళాడు. వాచ్‌మన్ చెప్పాడు. సాయంత్రం తండ్రీ కొడుకులు ఒకే రైల్లో, ఒకే పెట్టెలో ఎక్కారు. ఏళ్ళ తరబడి ఆ పెట్టెలో ఎవరి సీటు వాళ్ళదే, అందరూ తెలిసినవాళ్ళే. రామనాథ్ గొంతు చిన్నది. ఆ రోజు పెట్టె అంతా వినబడింది.

"నువ్వు ఇంగ నా కంటికి కనబడొద్దు."

అచ్యుత ఊరిగాంలో అందరితోబాటు దిగాడు. ఇంటికి రాలేదు. పదకొండు నెలలు.

ఊరు వదిలి కూడా పోలేదు. వేడి ఎక్కడుంటే అక్కడ, అందరికీ చివర, గోడవైపు తిరిగి పడుకునేవాడు. మొదటిసారి అతనికి టీ ఇచ్చినప్పుడు జలజ సగం ఒలకబోసింది. రెండోసారి, "ఇంటికి రా నాయనా" అనేసింది. అచ్యుత గ్లాసు కింద పెట్టాడు. అందులో టీ సగం అట్లే ఉంది. లేచి వెళ్ళిపోయాడు. తరవాత ముప్ఫై ఎనిమిది రోజులు కనబడలేదు.

ఎస్తేరమ్మ ఆమెను తిట్టలేదు. ఆ సగం టీ నేలమీద పారబోసి, గ్లాసు తుడిచి బుట్టలో పెట్టింది.

మళ్ళీ కనబడ్డాక జలజ ఒక్క మాట కూడా అనలేదు. గ్లాసు ఇస్తుంది. పక్కన కూర్చుంటుంది. అచ్యుత రెండు చేతులతో పట్టుకుని నిదానంగా తాగుతాడు, ఆరిపోయినా అంతే నిదానంగా. ఆమెకు దొరికేది అంతసేపే.

ఇంటికి పోతే రామనాథ్ మేలుకునే ఉంటాడు. "టీ అంతా అయిపోయిందా?" అంటాడు. వాడు తాగాడా అని ఆ మాటకు అర్థం. "అయిపోయింది" అంటే గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆ ముప్ఫై ఎనిమిది రోజులూ ఆమె "మిగిలింది" అంది. ఆయన రాత్రంతా కూర్చునే ఉన్నాడు.

ఈ రాత్రి బస్టాండులో నేల మంచులా ఉంది. టిక్కెట్ల కౌంటరు కింద సొన్నమ్మ ముడుచుకుని కూర్చుని ఉంది. బైరకూరు ముసలామె.

"ఈ పొద్దు వేడి ఇంగా రాలేదమ్మా" అంది గ్లాసు అందుకుంటూ. "నేనూ అదే చూస్తాండా."

మార్కెట్టు వెనక కూడా లేదు. అక్కడ చిన్నక్క చంకలో పిండి కుండ పెట్టుకుని తిరుగుతోంది. పొద్దున ఇడ్లీలు అమ్ముకునే మనిషి. చలికి పిండి పులవదని కుండను రోజూ ఆ వెచ్చని జాగాలో పెడుతుంది.

"దేవసాయం, నువ్వన్నా చూసినావా? పిండి రాయి మాదిరి అయిపోయింది."

"ఇంగా చూడలేదు చిన్నక్కా."

"ఊరికే పాటలు పాడేది కాదప్పా, మీ దేవుణ్ణి కొంచెం అడుగు యాడ పెట్టినాడో."

టాకీసు ముందర అచ్యుత ఉన్నాడు. గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు. మెట్లమీద వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. అతని పంచె తడిసింది. జలజ గ్లాసు ఇచ్చింది. వేళ్ళు తగిలాయి. కాలిపోతున్నాయి.

ఎస్తేరమ్మ వంగి అతని నుదురు పట్టి చూసింది. వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"ఆస్పత్రికి పోదామా నాయనా? నేను పక్కనే ఉంటాను."

వద్దని తలూపాడు. టీ కూడా తాగలేకపోయాడు. గ్లాసు తల్లికి తిరిగి ఇచ్చేశాడు.

ఎస్తేరమ్మ జలజను ఆటో వెనక్కి తీసుకుపోయింది.

"నిమ్ము చేరింది. ఊపిరి కొసలో గరగర అంటాండాది. మాత్రలు ఇస్తాను. కానీ ఈ రాత్రి తడినేల మీద పడుకుంటే తెల్లారికి నేను ఏ మాటా చెప్పలేను తల్లీ. వెచ్చని జాగా దొరకాల."

"చర్చి హాల్లో?"

"పిలవలేదనుకున్నావా? తలుపు చూస్తే చాలు, వెనక్కి తిరిగేస్తాడు."

"మా ఇల్లు రెండు వీధులే కదమ్మా. నేను అడుగుతాను. కాళ్ళు పట్టుకుంటాను."

ఎస్తేరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అడిగితే పోతాడు. ఈసారి పోతే వెతికేదానికి మనకు టైము ఉండదు."

దేవసహాయం ఆటో వేసుకుని ఆండర్సన్‌పేట వైపు చూడటానికి పోయాడు. ఎస్తేరమ్మ అచ్యుత దగ్గర ఉండిపోయింది. జలజ ఒక్కతే నడిచింది.

వీధిలో ఎవరూ లేరు. షట్టర్లు వేసి ఉన్నాయి. ఒక ఇంట్లో టీవీ నడుస్తోంది, ఎవరో నవ్వారు. పాదాలకు సిమెంటు, గులక, బురద, మళ్ళీ సిమెంటు. అన్నీ చలే. కాసేపటికి పాదాలు మొద్దుబారి, ఇప్పుడు వేడి తగిలినా తనకు తెలియదేమోనని భయం వేసింది. ఆగి, ఒంగి, అరచేతులు నేలకు ఆనించింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని కూడా అనుకోలేదు. లేచి మళ్ళీ నడిచింది.

మందుల షాపు మలుపులో కుడికాలి బొటనవేలికి తగిలింది. సన్నగా ఉంది, తాడు మందం. పక్కకు జరిగితే పోతోంది. జలజ తల దించుకుని, అది చేజారిపోతుందేమో అన్నట్టు ఒక్కొక్క అడుగే వేసింది. తాడు నడుం పట్టీ అంత వెడల్పు అయింది. తరవాత చాపంత. ఒక మలుపు తిరిగింది, ఇంకోటి తిరిగింది, ఒక గేటు కింద నుంచి లోపలికి పోయింది.

తల ఎత్తి చూసింది. తన ఇల్లే.

తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. హాల్లో లైటు వేసి ఉంది. రామనాథ్ మంకీ టోపీ పెట్టుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. రెండు పాదాలూ నేలకు ఆనించి పెట్టుకున్నాడు.

"జలజా, నేల కాగుతాండాది" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"నువ్వు పోయిన కాసేపటి నుంచి. తలుపు తీసి పెట్టినాను. లేకుంటే వాళ్ళకెట్ల తెలస్తాది, యాడుండాదో."

జలజ వెనక్కి తిరిగి టాకీసు దాకా పరుగెత్తింది. ఎస్తేరమ్మ ముఖం చూసి, "మా ఇంట్లో ఉండాది" అని మాత్రం చెప్పింది. అచ్యుతతో ఏమీ అనలేదు. అతని వైపు చూడను కూడా చూడలేదు. అక్కడున్న ఫ్లాస్కు, గ్లాసు తీసుకుని మళ్ళీ ఇంటికి వచ్చేసింది.

ముందుగా సొన్నమ్మ వచ్చింది, నేలను కాలితో తడుముకుంటూ.

"ఏమమ్మా, ఈ పొద్దు మీ ఇంట్లోనా?" అని గోడవార ఒరిగింది.

తరవాత చెన్నరాయప్ప వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు గనిలో పనిచేసినవాడు. లోపలికి వస్తూనే రెండు అరచేతులూ నేలకు ఆనించి, పాత స్నేహితుడు కలిసినట్టు తల ఊపాడు. ఆయన వెనకే టోపీ మనిషి. ఎవరితోనూ మాట్లాడడు, పేరు ఎవరికీ తెలియదు. తరవాత చిన్నక్క.

"సామీ, మీ ఇంట్లో మడీ గిడీ ఏమన్నా ఉండాదా? కుండ యాడ పెట్టుకోవాల?"

"ఆ మూల పెట్టుకోమ్మా" అన్నాడు రామనాథ్. "కాళ్ళకు తగలకుండా పెట్టు."

కుండ పెట్టి, పొద్దున వస్తానని ఆమె వెళ్ళిపోయింది.

చాలాసేపటికి గేటు అవతల దగ్గు వినబడింది. అచ్యుత వచ్చాడు. ఎస్తేరమ్మ నాలుగడుగులు వెనక, గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. అచ్యుత గేటు లోపలికి ఒక కాలు పెట్టాడు. వేడి తెలిసింది. అప్పుడు తల ఎత్తి ఇల్లు చూశాడు. ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఎవరూ పిలవలేదు. సొన్నమ్మ కళ్ళు మూసుకుంది. ఎస్తేరమ్మ పెదవులు కదులుతున్నాయి, దేవసహాయం ప్రార్థన కంటే చిన్న ప్రార్థన ఏదో. జలజ ఫ్లాస్కు మూత తిప్పింది. మళ్ళీ బిగించింది. గొంతులోకి వచ్చిన మాటను పళ్ళ వెనకే పట్టుకుని రామనాథ్‌ను చూసింది.

రామనాథ్ నేలనే చూస్తున్నాడు. తుంపర పెరిగింది. అచ్యుత భుజాలమీద పడుతోంది.

"జలజా" అన్నాడు రామనాథ్ తల ఎత్తకుండా. గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది. "గేటు తెరిచి ఉంటే కుక్కలొస్తాయి. లోపలికి వచ్చి గడియ వేసుకోమను."

ఆమె ఆ మాట అందించాల్సిన అవసరం రాలేదు. గడియ పడిన చప్పుడు వినబడింది.

అచ్యుత గుమ్మం దాటి వచ్చి నిలబడ్డాడు. పంచె నుంచి నీళ్ళు కారుతున్నాయి. రామనాథ్ తను కూర్చున్న చోటు నుంచి జరిగాడు. అక్కడే ఎక్కువ కాగుతోంది. భుజంమీది తువ్వాలు తీసి ఆ ఖాళీలో పరిచాడు.

"తల తుడుచుకో" అన్నాడు. ఈసారి కొడుకుతోనే.

ఎస్తేరమ్మ లోపలికి వచ్చి మాత్రలు ఇచ్చింది. జలజ టీ పోసింది. పక్కన కూర్చుంది. అచ్యుత చివరిదాకా తాగి, గ్లాసు చేతికి ఇవ్వబోయి, ఇవ్వకుండా అట్లే పట్టుకుని నిద్రపోయాడు.

తెల్లవారుజామున బెంగళూరు రైలు కూత పెట్టింది. తుంపర ఆగింది. జలజ లేచి కూర్చుంది. లైటు వెయ్యలేదు. అచ్యుత నుదుటికి చెమట పట్టి ఉంది, చల్లగా. ఆమె చీకట్లోనే వేలు పెట్టి, ఇల్లు చేరినవాళ్ళను లెక్కబెట్టింది. గోడవార సొన్నమ్మ, ఒకటి. చెన్నరాయప్ప, రెండు. టోపీ మనిషి, మూడు. కుర్చీలో కూర్చునే నిద్రపోయిన ఎస్తేరమ్మ, నాలుగు. బయట ఆటోలో గురక పెడుతున్న దేవసహాయం, ఐదు. రామనాథ్, ఆరు. ఆయన చెయ్యి పక్కవాడి వీపుమీద ఉంది. ఆ వీపు లేవడం చూసింది, దిగడం చూసింది, మళ్ళీ లేచేదాకా ఆగింది.

ఏడు.