మేం సాధువన్న యాసిడ్

మా బావ చెయ్యి యాసిడ్ వల్ల కాలిందని ఆసుపత్రిలో రాశారు. నేనొప్పుకోను. యాసిడ్ చేసింది సగమే. మిగతా సగం మా చేత చేయించారు. ఎలాగో చెబుతాను, వినండి.

మాది ఉక్కు గొట్టాలను యాసిడ్ తొట్లలో ముంచి శుభ్రం చేసే ఫ్యాక్టరీ. డ్రమ్ములు రాగానే స్టోర్లో వాటి మీది కాగితాలు గీకేసి రంగు గీతలు పూస్తారు. చదువురాని వాళ్లకు సులువట! ఎర్ర గీత డ్రమ్ములోది చుక్క పడితే చాలు, చర్మం చుర్రుమంటుంది. దానికి రౌడీ అని పేరు పెట్టాం. నీలం గీతది పడితే నీళ్లు పడ్డట్టే ఉంటుంది, మంట తెలియదు. అందుకని అది సాధువు. కొత్తగా చేరిన వాళ్లను ముందు సాధువు దగ్గరే పెట్టేవాళ్లం. చిల్లులు పడ్డ గ్లౌజులు దానికే వాడేవాళ్లం. "వాడేం చేస్తాడ్రా, సాధువు!" అని నవ్వుకునేవాళ్లం కూడా. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ రోజు పొద్దుటి షిఫ్టులో బావ నీలం గీత డ్రమ్ము తొట్టిలోకి వంచుతుంటే కుడిచేతి గ్లౌజు చిల్లులోంచి లోపలికి కారింది. కుళాయి కింద ఒకసారి కడుక్కున్నాడు. "సాధువేలే" అన్నాడు. నేనూ "సాధువేలే" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పుడు చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మధ్యాహ్నానికి మూడు వేళ్లు తెల్లగా పాలిపోయాయి. ఎముకలో ఎవరో తొలుస్తున్నట్టుందని బావ గోడకు తల బాదుకున్నాడు. అక్క పెళ్లైనప్పటి నుంచి ఆయన కంట నీరు నేను చూడలేదు. ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను మోసుకెళ్లినంత పని చేసి ఆసుపత్రిలో పడేశాను.

"ఏం పడింది?" అంది డాక్టరమ్మ.

"సాధువండీ."

"ఏమిటీ?"

"అదేనండీ, నీలం గీత."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, మా ఫ్యాక్టరీకి ఫోన్ చేసి వచ్చింది. "మనిషి ప్రాణం మీదికొస్తే పరాచికాలా? మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఇంట్లో వేణ్నీళ్లు పడ్డాయంటున్నారు. ఇది వేణ్నీళ్ల పని కాదు. ఏ యాసిడో తెలియకుండా మందెక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. వెళ్లి పేరు కనుక్కురా. ఆలస్యమైతే ఈ వేళ్లు ఉండవు."

పదకొండేళ్లు దాంతో కాపురం చేశాను. దాని పేరు నాకు తెలియదు.

పరుగున ఫ్యాక్టరీకి వచ్చాను. మేనేజరు నిదానంగా అన్నాడు: "పేరు చెబితే ఇక్కడే ప్రమాదం జరిగిందని ఒప్పుకున్నట్టు కదయ్యా. పైవాళ్లను అడుగుతున్నా. కూర్చో." కూర్చోమంటే కూర్చున్నాను! అరగంట. అవతల బావ వేళ్లు చచ్చిపోతున్నాయి, ఇవతల నేను చేతులు కట్టుకుని కుర్చీలో ఉన్నాను. అలవాటైన ఒళ్లు, ఏం చేస్తాం.

షిఫ్టు మారే సైరన్ మోగింది. గేటు దగ్గర రెండు షిఫ్టుల వాళ్లూ కలిసే వేళ అది. అక్కడికొచ్చి గొంతు చించుకుని అంతా చెప్పాను.

"తొందరపడకండ్రా, అందరి ఉద్యోగాలూ ఊడతాయి. పైవాళ్లు చెబుతామన్నారుగా," అన్నాడు ముసలి మేస్త్రీ.

గొట్టాలు కొలిచే ఆవిడ ముందుకొచ్చింది. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుందని ఆమెను లాయరమ్మ అని ఏడిపిస్తాం. "పైవాళ్లు తిని, చెయ్యి కడుక్కుని చెప్పేలోపు ఇతని బావకి కడుక్కోడానికి చెయ్యి మిగలదు," అంది.

"నీకేం తల్లీ, నోరుంది. మాకు పిల్లలున్నారు," అన్నాడు గుంపులోంచి ఒకడు.

"ఆ పిల్లల్ని ఎత్తుకోడానికి చేతులొద్దా మీకు?"

వెనకనుంచి ఒకడు చూపుడువేలు పైకెత్తాడు. గోరు లేదు. "సాధువే తిన్నాడు. తలుపు సందులో నలిగిందని రాయించారు," అన్నాడు. "నాకూ," అని ఇంకొకడు చొక్కా చెయ్యి పైకి లాగాడు. ఆ పక్కన ఇంకో ఇద్దరు. ఇన్నాళ్లూ ఎవడి పుండు వాడు దాచుకున్నాడు.

రెండు వందల మందిమి స్టోర్లోకి నడిచాం. స్టోరు గుమస్తా అడ్డం నిలబడి, ఇంతమందిని చూసి తనే తప్పుకున్నాడు. లాయరమ్మ బీరువాలోంచి ఫైలు లాగింది. అందులో అచ్చు కాగితం, దాని మీద నీలం గీత. "హైడ్రోఫ్లోరిక్ యాసిడ్," అని పైకి చదివింది. కాగితం తీసుకుని పరుగెత్తాను.

మందు పడ్డాక బావ నొప్పి తగ్గింది, ప్రాణం నిలిచింది. మూడు వేళ్లు మాత్రం తీసేశారు. "గంట ముందు తెచ్చుంటే..." అంది డాక్టరమ్మ. ఆ కాగితం కింద ఏముందో కూడా ఆమే చదివి చెప్పింది: పనిచేసే చోట కాల్షియం లేపనం చేతికందేలా ఉంచాలి. పళ్ల పేస్టంత గొట్టమట అది! పదకొండేళ్లు ఆ ముక్క బీరువాలో పడి ఉంది.

మర్నాడు ఎవరం గొట్టం ముంచలేదు. ప్రతి డ్రమ్ము మీదా అసలు పేరు, ప్రతి తొట్టి దగ్గరా లేపనం, ప్రమాదాన్ని ప్రమాదమని రాయడం, ఇవీ మా కోరికలు. జవాబుగా పోలీసు వ్యాను వచ్చింది. లాయరమ్మ మీద కాగితం దొంగతనం కేసట! వేళ్లు పోగొట్టిన వాళ్ల మీద ఏ కేసూ లేదు.

"నాకోసం ఏడ్చేవాళ్లుంటే ఇంటికెళ్లి ఏడవండి. తొట్లు మాత్రం ముట్టుకోకండి," అని ఆమె వ్యానెక్కింది.

ఐదోరోజు గేటు దగ్గరున్న మాకు మేనేజరు కబురంపాడు: పేర్లు రాస్తాం, లేపనం ఇస్తాం, ప్రమాదాలు నమోదు చేస్తాం, పనిలోకి రండి, కేసు సంగతి మాత్రం మా చేతుల్లో లేదు. సగం మంది మెత్తబడ్డారు. "అడిగినవన్నీ ఇచ్చారు కదరా," అన్నాడు మేస్త్రీ. నాకు ఒళ్లు మండింది.

అప్పుడే బావ వచ్చాడు, చేతికి తెల్లకట్టుతో. "ఇంటికి పద, నిలబడలేవు," అని అక్క చొక్కా పట్టుకుని లాగుతోంది. ఆయన వినలేదు. గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"లాయరమ్మ నాకోసం జైల్లో ఉంది. మీరు లేపనం రాసుకుని పనికెళ్తారా? వెళ్లండి. నన్ను పక్కకి నెట్టి వెళ్లండి."

నేను వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. అక్క చొక్కా వదిలేసి అటుపక్కన నిలబడింది. మేస్త్రీ విసుక్కుంటూ వచ్చి, "జరగరా, చోటివ్వు," అని నన్ను మోచేత్తో పొడిచాడు. వెనకే మిగతా వాళ్లు వచ్చారు. లోపల షిఫ్టు సైరన్ మోగి, మోగి, ఆగిపోయింది. ఎవరం కదల్లేదు.