తిరగేసిన ఫిల్మ్

'బావమరిది బతకగోరు' అన్న సామెత కట్టినవాడికి బావమరిది ఉండి ఉండడు. ఉన్నా, వాడు పళ్ల డాక్టరు అయి ఉండడు. ఈ సంగతి రాంగ్‌సైడుకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు.

రాంగ్‌సైడు అంటే మనిషే. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, బావమరిది పుణ్యమా అని వీధి పెట్టింది.

ఏడో తరగతితో బడికి దండం పెట్టేసిన ఆయన, భార్య తమ్ముడి పళ్ల ఆసుపత్రిలో ఎనిమిదేళ్లు కాంపౌండరుగా చేశాడు. అగ్గిపెట్టెలో సగం ఉండే ఎక్స్‌రే ఫిల్మ్‌లను చీకటి గదిలో కడిగి, ఆరబెట్టి, అట్టచట్రంలో ఎక్కించి, కింద 'కుడి', 'ఎడమ' అని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. ఎనిమిదేళ్లలో ఒక్కటి తప్పితే ఒట్టు. అసలు ఆ ఆసుపత్రిలో రోగులు పడుకునే కుర్చీ వచ్చిందే ఆయన చలవ వల్ల. డాక్టరు పట్టా పుచ్చుకుని వచ్చిన కొత్తలో బావమరిది దగ్గర చిల్లిగవ్వ లేదు. "మా తమ్ముడు నిలదొక్కుకుంటే మనల్ని మరిచిపోతాడా?" అని భార్య అంటే, తన పేరున ఉన్న ఒకే ఒక్క మూలబిట్టు స్థలం అమ్మి ఆ కుర్చీ కొనిపెట్టాడు.

మరిచిపోలేదు లెండి. మరిచిపోయినా బాగుండేది.

మూడేళ్ల కిందట సందు చివర టైలరమ్మ రెండు దవడలూ పట్టుకుని వచ్చింది. రెండు వైపులా కింది దవడ పన్ను పుచ్చింది. రెంటికీ ఫిల్మ్‌లు తీశారు. ఎడమది పీకాలి, కుడిది సిమెంటు పెడితే నిలుస్తుంది. రాంగ్‌సైడు, అప్పటికింకా ఆ పేరు లేదు, రెండు ఫిల్మ్‌లూ సరిగ్గా ఎక్కించి ఇచ్చాడు. డాక్టరు ఫోనులో ఎవరితోనో నవ్వుతూ చట్రంలోంచి ఫిల్మ్ ఊడదీసి కిటికీ వెలుతురులో చూశాడు. చూడటమే తిరగేసి చూశాడు. తిరగేస్తే ఎడమ పన్ను కుడిదిలా కనబడుతుంది.

"అది కాదు, ఆ ఫిల్మ్..." అని ఈయన నోరు తెరిచాడు.

"నువ్వు గ్లాసులో నీళ్లు పట్టు బావా," అన్నాడు డాక్టరు.

నీళ్లు పట్టాడు. నిలవాల్సిన కుడి పన్ను ఊడి ట్రేలో పడింది. వారం తిరక్కుండా ఎడమదీ పీకక తప్పలేదు. టైలరమ్మ గోల పెడితే, జనం నిండిన గదిలో డాక్టరు అన్న మాట ఇది: "ఏం చేయనమ్మా, చదువు లేనివాడి చేతికి ఫిల్మ్‌లు ఇచ్చాను. తిరగేసి ఎక్కించాడు. ఇవాళే పంపించేస్తున్నాను."

ఇప్పుడు ఆయన సినిమాహాలు బండ్ల స్టాండులో చీటీలు చింపుతాడు. "రాంగ్‌సైడూ, నా బండి ఏ వైపు పెట్టావ్?" అని ప్రతివాడికీ వేళాకోళమే. టైలరమ్మ ఆయన చొక్కా గుడ్డ తాకనని చెప్పింది. అన్నీ మింగాడు. మింగినవేవీ అరగలేదు. ఉద్యోగం పోయిన రోజున టైలరమ్మ ఫిల్మ్‌లు రెండూ చట్రంతో సహా తెచ్చుకుని ట్రంకుపెట్టెలో పెట్టాడు. ఒక్క మాట కావాలి ఆయనకు. 'తప్పు నాది' అని బావమరిది నోటితో, టైలరమ్మ ముందు, పదిమందిలో.

ఆ పదిమందిని డాక్టరే పోగేశాడు. ఆసుపత్రి పెట్టి పదకొండేళ్లయిందని మేడమీద హాలులో సభ పెట్టాడు. మీ సందేహాలు చీటీల మీద రాసి డబ్బాలో వేయండి, డాక్టరుగారే జవాబులు చెబుతారు, వచ్చినవారికి బ్రష్ ఉచితం అని కాగితాలు పంచాడు. ముఖ్య అతిథి డాక్టరుకు చదువు చెప్పిన ముసలి ప్రొఫెసరు. రాంగ్‌సైడు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ప్రొఫెసరు పేరున్న చోట వేలు పెట్టి మూడోసారి చదివాడు.

ఆయన చేతిరాత బావమరిదికి బట్టీ. అందుకని మందుల షాపాయన చేత రెండు చీటీలు రాయించాడు, ఒకటి నీలం పెన్నుతో, ఒకటి నలుపుతో. "టైలరమ్మకు బ్రష్ సంగతి చెప్పు," అన్నాడు.

"ఆవిడకు నీ పేరెత్తితే ఒళ్లు మంట కదయ్యా!"

"నా పేరెత్తకు. ఉచితం అన్న మాట ఎత్తు, చాలు."

ఆదివారం ఉదయం హాలు నిండింది. ముందు వరసలో రాంగ్‌సైడు భార్య, తమ్ముడి పక్కన కూర్చున్నంత గర్వంగా మరదలి పక్కన కూర్చుంది. మొగుడు వెనక వరసలో ఉన్నాడని ఆవిడకు తెలియదు.

డాక్టరు మంచి ఊపు మీదున్నాడు. మొదటి చీటీ విప్పాడు. "పన్ను పీకితే కళ్లు పోతాయా? పన్నుకీ కంటికీ చుట్టరికం లేదమ్మా. కళ్లు తిరిగితే అది మా బిల్లు చూసి."

హాలు గొల్లుమంది.

"క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయా? గార పట్టి కదిలిన పన్నును ఆ గారే పట్టుకుని ఉంటుంది. అది పోగానే అసలు సంగతి బయటపడుతుంది. దొంగను పట్టించినవాణ్ణి దొంగ అంటే ఎలాగండీ?"

వెనక వరసలో రాంగ్‌సైడు పళ్లు కొరికాడు.

"రూట్ కెనాల్ దేనికి, పీకేస్తే పోదా? వేలికి ముల్లు గుచ్చుకుంటే ముల్లు తీస్తామా, వేలు తీస్తామా? తరవాత..." నీలం చీటీ చేతికొచ్చింది. "రెండు వైపులా నొప్పి ఉంటే, ఫిల్మ్ ఏ వైపుదో డాక్టరుకు ఎలా తెలుస్తుంది? ఆహా, మంచి ప్రశ్న! ఫిల్మ్ మీద ఒక మూల చిన్న బొడిపె ఉంటుంది. అది మన వైపు ఉబ్బి ఉండాలి. గుంటలా తగిలితే ఫిల్మ్ తిరగబడినట్టు. కళ్లు లేనివాడు కూడా తడిమి చెప్పగలడు."

ప్రొఫెసరు తల ఊపాడు. ఆ ఊపు చూసి ఉబ్బిపోయిన డాక్టరు నలుపు చీటీ విప్పి గడగడా చదివేశాడు. "కాంపౌండరు ఫిల్మ్ తిరగేసి ఎక్కిస్తే, తప్పు కాంపౌండరుదా, డాక్టరు..."

చదవడం ఆగింది. కళ్లు వరసల మీదుగా వెనక్కి వెళ్లి, బావ మొహం మీద ఆగాయి.

"ఇది... ఇది సాంకేతికమైన విషయం. తరవాతి చీటీ."

"సాంకేతికం ఏముందోయ్?" అన్నాడు ప్రొఫెసరు. "మొదటి ఏడాది పాఠమేగా. చెప్పు."

డాక్టరు చీటీని మడిచి, మళ్లీ విప్పాడు. గురువు ముందు కాంపౌండరు మీదికి తోస్తే పరువు పోతుంది. తోయకపోతే ఏం పోతుందో ఆ హాలులో ఇద్దరికే తెలుసు.

"తప్పు... డాక్టరుదే. కాంపౌండరు ఎలా ఎక్కించినా, పట్టకారు పట్టుకునే ముందు డాక్టరు బొడిపె తడిమి చూసుకోవాలి."

రాంగ్‌సైడు లేచాడు. తిన్నగా టైలరమ్మ దగ్గరికి వెళ్లి, చట్రంలోంచి రెండు ఫిల్మ్‌లూ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"నీ పళ్లేనమ్మా. గుడ్డకు అసలు వైపేదో, తిరగేసిన వైపేదో నీకు నేను చెప్పాలా?"

ఆవిడ విసిరికొట్టబోయింది. కానీ నలభై ఏళ్లుగా చీకట్లో కూడా గుడ్డ వైపు పోల్చుకునే వేళ్లు అవి. మూల తడిమాయి. తిప్పాయి. మళ్లీ తడిమాయి. ఆవిడ మెల్లగా తలెత్తింది.

"డాక్టరుగారూ, ఆ రోజు ఫోను చెవిన పెట్టుకుని దీన్ని చట్రంలోంచి ఊడదీసింది తమరే కదూ? కిటికీ దగ్గర చూసిందీ తమరే. నేను కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాను, కళ్లు మూసుకుని లేను. ఇది తడిమారా తమరు?"

డాక్టరు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "బావగారూ, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం. అక్కా, నువ్వైనా చెప్పు."

"ఏమండీ, ఊరుకోండి! మా వాడి పరువు..." అంటూ భార్య లేచింది.

"నా పరువు పోయిన రోజు మీ వాడు ఇంటికి పిలిచి చెప్పలేదు, చెవిలో చెప్పలేదు. నిండు గదిలో చెప్పాడు," అన్నాడు రాంగ్‌సైడు. "చెప్పండి డాక్టరుగారూ. తప్పు ఎవరిది?"

"నాదే," అన్నాడు డాక్టరు, నోట్లో నోట్లో.

"అబ్బే, కనబడటం లేదు. నోరు ఇంకాస్త తెరవాలి. ఇంకాస్త. ఆఁ... నొప్పేమీ ఉండదు, చీమ కుట్టినట్టు ఉంటుందంతే."

ఎనిమిదేళ్లు ఆ కుర్చీ పక్కన రోజూ విన్న మాటలు అవి. హాలులో ఆ మాటలు విననివాడు ఒక్కడూ లేడు. నవ్వు వెనక వరసలో పుట్టి ముందు వరస దాకా పాకింది. ప్రొఫెసరు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"తప్పు నాదే!" ఈసారి మైకు కీచుమంది. "ఆయన సరిగ్గానే ఎక్కించాడు. నేనే తిరగేసి చూశాను."

టైలరమ్మ తన ఉచిత బ్రష్ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇది నువ్వే ఉంచుకో నాయనా. తోముకోవడానికి నాకు రెండు పళ్లు తక్కువ." మెట్ల దగ్గర ఆగి, "అన్నయ్యా, రేపు షాపుకు రా. కొలతలు తీసుకుంటా," అని దిగిపోయింది.

భార్య తమ్ముడి కారెక్కి కూర్చుంది. మొగుడి వైపు చూడలేదు.

జనం పోయాక రాంగ్‌సైడు కింది గదిలోకి వెళ్లాడు. కుర్చీ అక్కడే ఉంది. రెక్సిన్ మార్చారు, చేతులు మార్చారు, ఇనుము పాతదే. ఎనిమిదేళ్లు దాన్ని తుడిచాడు గానీ, ఏనాడూ దానిలో కూర్చోలేదు. ఇప్పుడు చెప్పులతోనే ఎక్కి పడుకున్నాడు.

డాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. కోటు గుండీలు ఊడదీస్తున్నాడు. "కడుపు చల్లబడిందా బావా? నాకు చదువు చెప్పినాయన ముందు నన్ను కడిగేశావు. అడిగింది చెప్పాను. ఇంకా నా దగ్గర నీది ఏం మిగిలింది?"

రాంగ్‌సైడు పైనున్న దీపాన్ని లాగి, దాని వెలుగు తిన్నగా బావమరిది మొహం మీద పడేట్టు తిప్పాడు.

"నూట ఎనభై మూడు గజాలు," అన్నాడు. "మూలబిట్టు. రెండు వైపులా రోడ్డు."