తల బీమారి

నౌషాద్ కోరుట్ల డిపోలో కండక్టర్. ఆరేళ్లుగా అతనిది ఒకే రూటు, జగిత్యాల మీదుగా కరీంనగర్. ఆ బస్సు నడిపేది మొగిలి. వయసులో పెద్దవాడు, నౌషాద్‌ను సొంత తమ్ముడిలా చూసుకునేవాడు. తొవ్వ పొడుగునా ప్రతి స్టేజీలో ఇద్దరినీ పేరుపెట్టి పలకరించేవాళ్లు ఉండేవారు. అంతమందికి తెలిసి ఉండడమే నౌషాద్‌కు భయం.

అతని భార్య మెహజబీన్‌కు మూడేళ్ల కింద జబ్బు చేసింది. నల్లా నీళ్లలో ఎవరో ఏదో కలుపుతున్నారని మొదలైంది. తర్వాత నిద్ర కరువైంది. గోడవైపు తిరిగి ఎవరికో జవాబులు చెప్పేది. నౌషాద్ తల్లి ఖుర్షీద్ బేగం కోడలిని దర్గాల చుట్టూ తిప్పింది, తావీజులు కట్టించింది. ఏడాది అలాగే గడిచింది. చివరికి ఎవరూ చూడకుండా కరీంనగర్ తీసుకుపోయి మానసిక వైద్యుడికి చూపిస్తే, గోలీలు పడ్డ రెండు నెలలకు మనిషి మళ్లీ మనిషయింది. చీరలకు ఫాల్ కుట్టే మిషన్ ముందు కూర్చుంది. కూతురు అల్ఫియాకు జడలు వేసింది.

ఈ సంగతి గడప దాటకూడదని ఖుర్షీద్ బేగం కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. నౌషాద్ చెల్లెలు షాహిదాకు సిరిసిల్లలో సంబంధం కుదిరి ఉంది. పిచ్చి ఉన్న ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారని తల్లి భయం. అందుకని వాడకట్టులో అడిగినవాళ్లకు థైరాయిడ్ అని చెప్పారు. నౌషాద్ నెలనెలా డ్యూటీ మీద కరీంనగర్ పోయినప్పుడు మందులు తెచ్చి, అట్టల్లోంచి ఒలిచి థైరాయిడ్ సీసాలో పోసేవాడు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. ఆర్టీసీ వాళ్లూ దిగారు. బస్సులన్నీ డిపోలో నిలబడ్డాయి. నౌషాద్ మనస్ఫూర్తిగానే సమ్మె చేశాడు. బస్టాండు ముందు టెంటులో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చున్నాడు, గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాడు. సమ్మె మొదలైన నాలుగో రోజు సీసా ఖాళీ అయింది.

మొగిలి జేఏసీ పనిమీద రెండు రోజులకోసారి బండి మీద కరీంనగర్ పోయి వస్తున్నాడు. పోయే ముందు ప్రతిసారీ టెంటు దగ్గర ఆగి, ఎవరికన్నా ఏమన్నా తేవాల్నా అని అడిగేవాడు. ఒకరు కళ్లద్దాలు చెప్పేవారు, ఒకరు కొడుకు పుస్తకాలు. నౌషాద్ చొక్కా జేబులో డాక్టరు చీటీ ఉండేది. చేయి అక్కడిదాకా పోయి ఆగిపోయేది. చీటీ మీద పెద్ద అక్షరాలతో అది ఏ డాక్టరు చీటీయో అచ్చయి ఉంది.

ఒకరోజు టెంటులో చిన్న నాటకం ఆడారు. సమ్మెను కాదన్న లీడర్ వేషం వేసిన మనిషి జుట్టు చెదరగొట్టుకొని, గాలిలో ఎవరితోనో మాట్లాడుతూ, తనలో తనే నవ్వుకుంటూ తిరిగాడు. పిచ్చోడు, పిచ్చోడు అని జనం పడిపడి నవ్వారు. నౌషాద్ కూడా నవ్వాడు. మొగిలి తనవైపు చూస్తే మరికాస్త గట్టిగా నవ్వాడు.

ఆ సాయంత్రమే ధైర్యం చేసి ఒక మందుల దుకాణానికి పోయాడు. దుకాణదారు చీటీ చదివి, ఇది ఎవరికని అడిగాడు. బస్సులో ఎవరో ప్యాసింజర్ మరచిపోయిన చీటీ అని నౌషాద్ నోటికి వచ్చింది చెప్పాడు. ఈ మందు తమ దగ్గర ఉండదనీ, తెప్పించాలంటే పేషెంటు పేరు రాసుకోవాలనీ దుకాణదారు అన్నాడు. నౌషాద్ చీటీ తీసుకొని, పేరు చెప్పకుండానే మెట్లు దిగాడు.

ఇంట్లో మెహజబీన్ మెల్లగా జారిపోతోంది. మొదట నిద్ర దూరమైంది, తర్వాత మిషన్ ఆగిపోయింది. ఏదో కలిపారని గోళెం తొట్టిలో నీళ్లు ఒలకబోయడం మొదలుపెట్టింది. మందులేవని భర్తను రోజూ అడిగేది. రేపు, ఎల్లుండి అనేవాడు. ఎవరి బండన్నా అడిగితే ఎందుకని అడుగుతారని అదీ అడగలేదు. మందు ఆగిన పదకొండో రోజు పొద్దున ఆమె వాకిట్లో నిలబడి గట్టిగా మాట్లాడుతుంటే పక్కింటివాళ్లు గోడమీంచి తొంగిచూశారు. ఖుర్షీద్ బేగం కోడలిని చేయి పట్టుకొని లోపలికి లాగి, బయట గొళ్లెం పెట్టమని కొడుకుతో అంది. నౌషాద్ గొళ్లెం పెట్టాడు. పెట్టి, టెంటుకు పోయి, అందరితో కలిసి కూర్చున్నాడు.

మధ్యాహ్నం మొగిలి నుంచి ఫోన్ వచ్చింది. కరీంనగర్ నుంచి తిరిగి వస్తున్నాడట. జగిత్యాల తొవ్వలో ఒక ఊరి దగ్గర రాస్తారోకో జరుగుతోందనీ, మెహజబీన్ అక్కడ ఉందనీ చెప్పాడు. ఖుర్షీద్ బేగం నమాజులో ఉండగా, తల్లి పిలుస్తోందని అల్ఫియా గొళ్లెం తీసిందని తర్వాత తెలిసింది.

ఎవరిదో బండి అడుక్కొని పోయాడు. పన్నెండు కిలోమీటర్లు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. ఒక పక్క ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. షామియానా నీడలో మెహజబీన్ కూర్చొని ఉంది. కాళ్లకు చెప్పులు లేవు, మడమలు పగిలి నెత్తురు కారుతోంది. ఒక చెంప కమిలి ఉంది. ఒక్కతే తనలో తాను మాట్లాడుకుంటూ వస్తుంటే పోలీసులు పంపిన మనిషని ఎవరో అనుమానపడి కొట్టారట. బీడీలు చేసే కిష్టవ్వ అడ్డం పడి, ఈమెను తెచ్చి కూర్చోబెట్టి అన్నం పెట్టిందట. మొగిలి పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆడవాళ్లు చుట్టూ మూగారు. "ఏమైంది కొడుకా ఈ పిల్లకు?" అని అడిగింది కిష్టవ్వ.

నౌషాద్ మొగిలి వైపు చూడలేదు. "థైరాయిడ్ అవ్వా," అన్నాడు.

మెహజబీన్ తలెత్తింది. ఇంట్లో అతనితో ఉర్దూలో మాట్లాడే మనిషి, అందరికీ తెలియాలని కాబోలు, తెలుగులో అంది.

"నాకు థైరాయిడ్ లేదు. నాది తల బీమారి. గోలీలు అయిపోయి పదకొండు దినాలాయె. బస్సులు లేవు గద. నడుచుకుంట కరీంనగర్ పోతున్న, గోలీలు తెచ్చుకుందమని."

ఆమెను కొట్టినవాడు ఆ గుంపులో ఉన్నాడో లేడో గానీ, మగవాళ్లు కొందరు పక్కకు జరిగారు. చేయవలసిన పని తెలిసినది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే అని నౌషాద్‌కు అప్పుడు అర్థమైంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మొగిలి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఐదుసార్లు పోయి అచ్చిన తమ్మీ," అన్నాడు. "ఐదుసార్లు నిన్ను అడిగిన. గింత చీటి ఇయ్యకపోతివి."

నౌషాద్ జేబులో చీటీ అప్పుడూ ఉంది.

కిష్టవ్వ తన చెప్పులు విప్పి మెహజబీన్ కాళ్లకు తొడిగింది. భార్యను వెనుక ఎక్కించుకొని నౌషాద్ అక్కడి నుంచే కరీంనగర్ బయలుదేరాడు. దారిలో నాలుగుచోట్ల ఆపారు. మొదటిచోట దవాఖానకు అన్నాడు. ఏం బీమారి అని అడిగారు. వీపు వెనుక మెహజబీన్, ఏం చెబుతాడా అని వింటున్నట్టు, ముందుకు వంగింది. "తల బీమారి," అన్నాడు. వాళ్లు రాళ్లు జరిపి తొవ్వ ఇచ్చారు. మిగతా మూడుచోట్లా అదే మాట చెప్పాడు. నాలుగోసారి కూడా ఆ మాట మొదటిసారంత కష్టంగానే వచ్చింది.

మందులు ఎందుకు ఆగాయని డాక్టరు అడిగాడు. బస్సులు లేవని నౌషాద్ అన్నాడు. ఫోన్ చేసినా ఎవరిచేతనైనా పంపేవాళ్లం కదా అన్నాడు డాక్టరు. నౌషాద్ జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

మనిషి తేరుకోవడానికి నెల పైనే పట్టింది. ఈలోగా మాట సిరిసిల్ల దాకా పోయింది. పెళ్లివారి తరఫున ఇద్దరు పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఖుర్షీద్ బేగం ఏదో చెప్పబోతుంటే నౌషాద్ ఆపి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వాళ్లు చాయ్ తాగి, మర్యాదగానే లేచి వెళ్లారు. సంబంధం వద్దని పది రోజులకు కబురు వచ్చింది. షాహిదా ఏడ్చింది. ఖుర్షీద్ బేగం చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదు. షాహిదా మాత్రం ఒకరోజు వదిన పక్కన కూర్చొని ఫాల్ కుట్టడం నేర్చుకోసాగింది. ఆమె మనసులో ఏముందో నౌషాద్ అడగలేకపోయాడు.

ఒక సాయంత్రం మెహజబీన్ మిషన్ ఆపి, ఆ రోజు గొళ్లెం పెట్టింది మీ అమ్మీయా, నువ్వా అని అడిగింది. అమ్మీ పెట్టమంది, నేను పెట్టాను అని నౌషాద్ అనబోయి, ఆ మొదటి మాట మింగేసి, నేనే అన్నాడు. "ఇక నుంచి గోలీలు నేనే తెచ్చుకుంట," అంది. మళ్లీ మిషన్ మీదికి వంగింది.

సమ్మె ముగిసి బస్సులు మళ్లీ నడుస్తున్నాయి. డిసెంబరులో ఒక పొద్దున ఆమె ఒక్కతే అతని బస్సు ఎక్కింది. మూడో సీట్లో కూర్చొని ఉద్యోగి కుటుంబానికిచ్చే పాస్ చూపించింది. జగిత్యాలలో ఎక్కిన ఒకావిడ పక్కన కూర్చొని, ఎక్కడికి పోతున్నావని అడిగింది. మెహజబీన్ దాచలేదు. పిచ్చి డాక్టరు అంటారు గదా, ఆయన దగ్గరికి అని చెప్పింది. ఆవిడ కొంచెం దూరం జరిగింది. తర్వాత నౌషాద్ టికెట్టుకు వస్తే, గొంతు తగ్గించి, ఆ పిల్ల మీకు తెలుసా అని అడిగింది.

"మా ఇంటామె," అన్నాడు నౌషాద్.

అన్నాడు గానీ, చెవుల దాకా ముఖం వేడెక్కింది. ఇంతా అయ్యాక కూడా ఇంకా సిగ్గేమిటని తనమీద తనకే రోత పుట్టింది. మెహజబీన్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. విన్నదో లేదో తెలియదు. నౌషాద్ ఆవిడకు చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, వెనుక సీటుకు పోయాడు.